పన్నెండు కాయలు, నాలుగు మాటలు

ఆ రోజు ఉదయం పదకొండు గంటలకి సలోమి దగ్గర ఉన్న సరుకు ఇది: పీచు డొక్క తియ్యని కొబ్బరికాయలు పన్నెండు, కళ్ళకు కట్టుకోవడానికి తువ్వాలు ఒకటి, ఎవరికీ చెప్పని మాటలు నాలుగు.

అది 1979వ సంవత్సరం. అమలాపురంలో బడిపిల్లల విజ్ఞాన ప్రదర్శన జరుగుతోంది. మొదటి బహుమతి వచ్చినవాళ్ళు కాకినాడలో జిల్లా ప్రదర్శనకి వెళ్తారు. సలోమి చదివే కొత్తపేట బడి నుంచి ఇంతవరకు ఒక్కరూ కాకినాడ గడప తొక్కలేదు. ఏడో తరగతి సలోమి ఈసారి తొక్కి తీరాలనుకుంది.

కళ్ళకు తువ్వాలు కట్టుకుని, ఒక కాయను చెవి దగ్గర ఊపింది.

"ఇందులో నిండా నీళ్ళున్నాయి."

బడి కాపలాదారు సత్తియ్య కాయను గునపానికి గుచ్చి డొక్క తీశాడు. కత్తితో ఒక్క దెబ్బ వేశాడు. నీళ్ళు బడబడా కారాయి.

"ఇందులో కురిడీ తయారైపోయింది."

మళ్ళీ దెబ్బ పడింది. గోధుమరంగు కొబ్బరి ఉండ బంతిలా దొర్లుకుంటూ వచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"కాయ నీ చెవిలో చెప్పేసిందా ఏటి?" అని పక్క బల్ల దగ్గర నుంచి ఒక కుర్రాడు అరిచాడు. వాడి పేరు లోవరాజు. ఓడలరేవులో చేపలు పట్టే కుటుంబం వాడిది. బంకమట్టితో గోదారి సముద్రంలో కలిసే చోటు చేసి తెచ్చాడు.

"చెప్పింది. నీతో మాటాడదులే!" అంది సలోమి.

నిజానికి ఏడాది కిందట కాయలు సలోమితోనూ మాట్లాడేవి కావు.

వాళ్ళ నాయనమ్మ పాపాయమ్మది కురిడీ వ్యాపారం. ముదురు కాయలను అటక మీద ఏడాది పాటు ఉంచుతుంది. లోపలి నీళ్ళు మెల్లగా ఇగిరిపోతాయి. కొబ్బరి ఎండి, చిప్ప నుంచి విడిపడుతుంది. అదే కురిడీ. తొందరపడి ముందే కొడితే అది పచ్చిదీ కాదు, ఎండుదీ కాదు. పారెయ్యాల్సిందే.

పోయిన వేసవిలో సలోమి చేసిన పని సరిగ్గా అదే. అటకెక్కి, చప్పుడైన కాయలన్నీ కురిడీలే అనుకుని మూడు కొట్టేసింది. మూడూ పాడయ్యాయి.

నాయనమ్మ తిట్టలేదు. "నీకు చెవులున్నాయే పిల్లా, పేర్లే లేవు" అంది. పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు పేర్లు చెప్పింది. నీళ్ళు గలగలలాడితే నీటికాయ. చెంచాడు నీళ్ళే మిగిలితే ఇగురుకాయ. నీళ్ళు పూర్తిగా పోయి, కొబ్బరి ఇంకా చిప్పకే అంటుకుని ఉంటే మూగకాయ. ఎంత ఊపినా పలకదు. కొబ్బరి ఊడి లోపల ఆడుతుంటే గిలక్కాయ. కొట్టవలసింది దాన్నే.

పేర్లు తెలిసిన వారానికి చెవి తెరుచుకుంది. అప్పటిదాకా ఒక్కలాగే వినిపించిన కాయలు నాలుగు రకాలుగా విడిపోయాయి. ఇంత గొప్ప సరుకు చేతికొచ్చాక దాన్ని దాచుకోవాలనే సలోమి అనుకుంది.

పన్నెండింటికి నాలుగో కాయ కొట్టాక, బహుమతులు నిర్ణయించే ప్రభాకరరావు మేష్టారు గొడుగు చంకలో పెట్టుకుని వచ్చారు.

"భలే చెప్పేవమ్మా. ఎలా తెలిసింది?"

"అదంతేనండి. మా ఇంటి విద్య."

"ఇంకొకళ్ళకి నేర్పగలవా?"

సలోమి మిగిలిన కాయలు సర్దసాగింది. నేర్పేస్తే అందరికీ వచ్చేస్తుంది. ఇక తన గొప్పేముంటుంది?

మేష్టారు నవ్వారు. "నీకొక్కదానికే వచ్చేది గారడీ అమ్మా. పదిమందికీ నేర్పగలిగితే విజ్ఞానం. మూడు గంటలకి మళ్ళీ వస్తాను. అప్పుడు కాయ ఊపేది నువ్వు కాదు. మీ బడి పిల్లలూ కాదు. వేరే ఊరి వాళ్ళెవరైనా చెప్పాలి. చెప్పారా, మార్కులేస్తాను. లేదంటే లేదు."

ఆయన వెళ్ళిపోయారు. సలోమి టీచరు రాజేశ్వరమ్మ గారు వాచీ చూసుకున్నారు.

"మూడు గంటల టైముంది. కాయలు ఎనిమిది ఉన్నాయి. ఎవరికి నేర్పుతావే?"

సలోమి చుట్టూ చూసింది. పొద్దుటి నుంచి తన బల్ల వైపే తొంగిచూస్తున్నవాడు ఒక్కడే.

"లోవరాజూ, ఓసారి ఇలా రావా?"

"నాతో కాయ మాటాడదన్నావుగా!"

"నేనే మాటాడనివ్వలేదు. తప్పు నాదే. రా."

లోవరాజు వచ్చాడు. సలోమి నాలుగు పేర్లూ చెప్పింది. మొదటిసారి బయటికి చెబుతుంటే పెట్టెలో నగ తీసి ఇచ్చేస్తున్నట్టు అనిపించింది. వాడు కళ్ళకు తువ్వాలు కట్టుకుని రెండు కాయలు ఊపాడు.

"రెండూ ఒకేలాగున్నాయి."

"ఒకటి ఇగురుకాయ, ఒకటి గిలక్కాయ."

"పేరు మారిస్తే చప్పుడు మారిపోద్దా ఏటి?"

గంట గడిచింది. వాడికి ఒక్కటీ అందలేదు. అన్నానికి వెళ్ళిన పిల్లలు తిరిగి వస్తున్నారు. సలోమికి ఏడుపొచ్చింది. పేర్లిచ్చినా వీడి చెవి ఎందుకు తెరుచుకోవడం లేదు? తను నేర్చుకున్నది అటక మీద, కాయల మధ్య. వీడికి ఆ అటక లేదు. మరి వీడికి ఏముంది?

"మీ పడవలోకి నీళ్ళొస్తే ఏం చేస్తారు?" అంది హఠాత్తుగా.

"తోడి పోసేస్తాం."

"అంతా తోడేశాక అడుగున కాస్త మిగిలిపోదూ? పడవ ఊగితే అదెలా వినపడుతుంది?"

లోవరాజు కాయను మళ్ళీ చెవికి ఆనించాడు. మెల్లగా ఊపాడు. వాడి పెదాలు విచ్చుకున్నాయి.

"ఆయ్! ఇదే! అడుగునీళ్ళు ఇలాగే బుడుక్కుమంటాయి. ఇది ఇగురుకాయ!" రెండోది ఊపాడు. "ఇది నీళ్ళు కాదు. పడవలో తెడ్డు దొర్లినట్టుంది. గిలక్కాయ!"

మూడోది పలకలేదు. వాడు ఇంకోసారి ఊపి చూశాడు. "పోటుకీ పాటుకీ మధ్య ఇలాగే ఉంటది."

"పోటేంటి? పాటేంటి?"

"అయ్యో, తెలీదేటి? సముద్రం నీరు గోదార్లోకి ఎక్కితే పోటు. దిగిపోతే పాటు. రెంటికీ మధ్య నీరు ఎటూ కదలదు. దాన్ని మేం నిలకడంటాం. వల వెయ్యాలంటే అదే అదును. ఇదిగో, ఈ మూగకాయ నిలకడలాగుంది."

సలోమి వాడి బంకమట్టి గోదారి వైపు చూసింది. పొద్దుట అందులో ఆమెకి కనిపించింది ఉత్త నీళ్ళు. ఇప్పుడు ఎక్కే నీరు, దిగే నీరు, ఆగిన నీరు వేరువేరుగా కనిపించాయి.

"ఇంకా ఉన్నాయా మాటలు?"

"బోలెడు. వరదకి మెట్ట నుంచి మట్టి కలుపుకొచ్చే నీళ్ళు ఎర్రనీరు..."

సరిగ్గా మూడింటికి మేష్టారు వచ్చారు. ఎనిమిది కాయలనూ తనే కలిపేశారు. లోవరాజు తువ్వాలు కట్టుకున్నాడు. సత్తియ్య కత్తి పట్టుకున్నాడు.

"నీటికాయ." సరే.

"గిలక్కాయ." సరే.

"మూగకాయ." సరే.

ఒకదాని వెనుక ఒకటి, ఆరు సరిగ్గా చెప్పాడు. ఏడో కాయను సలోమి గుర్తుపట్టింది. డొక్క మీద నల్లమచ్చ ఉంది. పొద్దున తనే దాన్ని గిలక్కాయల్లో వేసింది.

లోవరాజు ఊపాడు. ఆగాడు. మళ్ళీ ఊపాడు.

"ఇగురుకాయ అండి."

ఇంత దూరం వచ్చి తప్పాడే! కాకినాడ చెయ్యి జారిపోయిందనుకుంది సలోమి.

కత్తి పడింది. చిప్ప విడిపోయింది. దాని అడుగున, సరిగ్గా చెంచాడు నీళ్ళు!

ఎనిమిదోది కూడా సరిపోయింది. పిల్లల అరుపులకి పక్క గదుల్లోని టీచర్లు పరుగెత్తుకొచ్చారు.

"ఏడోదానికి నీ ముఖం అలా వాడిపోయిందేం?" అని మేష్టారు సలోమిని అడిగారు.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అయినా చెప్పింది.

"నేను దాన్ని గిలక్కాయ అనుకున్నానండి. నా చెవి తప్పింది. పడవలో నీళ్ళు విన్న చెవి కదండీ, వాడిదే కరెక్టు."

మేష్టారు కాగితం మీద ఏదో రాసుకుని, రాజేశ్వరమ్మ గారి వైపు తిరిగారు. "కాకినాడకి కాయలు ఎక్కువ తీసుకెళ్ళండమ్మా. అక్కడ చూసేవాళ్ళు ఎక్కువ."

టీచరు గారు సలోమిని గట్టిగా దగ్గరికి లాక్కున్నారు. ఆ పిల్ల మాత్రం అప్పటికే సుద్దముక్క అందుకుంది. నల్లబల్ల మీద నాలుగు కాయల పేర్లు పెద్ద అక్షరాలతో రాసింది. వాటి కింద, లోవరాజును అడిగి, నాలుగు నీళ్ళ పేర్లు రాసింది. పక్కన వాడి పేరూ ఊరూ వేసింది.

"చదువుకోండి! చూసి రాసుకోండి! తెలీకపోతే అడగండి!"

కొత్తపేట బస్సు ఎక్కాక లెక్క చూసుకుంది. కాయలు పన్నెండూ ఖర్చయ్యాయి. నల్లబల్ల చూసి రాసుకున్న నలభైమందికి మాటలు నాలుగూ ఇచ్చింది. ఇచ్చిన నాలుగూ ఇంకా తన దగ్గరే ఉన్నాయి. కొత్తగా వచ్చినవి మరో నాలుగు.

కాకినాడ కొసరు.