మధ్యాహ్నం రెండింటికి అర్ధరాత్రి

మూడో అంతస్తు చివరి గదిలోకి ఒంటరిగా ఎవరూ వెళ్లేవారు కాదట.

బయట ఎండ ఫెళఫెళా కాస్తున్నా సరే, పొద్దున తొమ్మిదయ్యేసరికి ఆ గదిలో టక్కున లైట్లు ఆరిపోయి రాత్రయిపోయేది. మళ్లీ సాయంత్రం ఏడింటికే తెల్లారేది. అది చేపల గది. గోడల పొడవునా అరలు, అరల నిండా తొట్లు, తొట్ల నిండా చిటికెన వేలంత కూడా లేని చారల చేపలు. లైట్లు వెలిగితే తెల్లారిందనుకుని గుడ్లు పెడతాయవి. పక్కగది చేపలు పొద్దున పెడతాయి, ఈ గదివి సాయంత్రం పెట్టాలి. అందుకని వీటి రాత్రిని ఎత్తి పగట్లో పెట్టేశారు. ఆ చీకటి మధ్యలో ఎవరైనా పెద్ద లైటు వేస్తే గుడ్లన్నీ పాడు. వేసినవాళ్ల ఉద్యోగం కూడా.

ఆ చీకట్లో... ఎవరో అంకెలు లెక్కపెడతారని చెప్పుకునేవారు.

తొట్లలో నీళ్లు మార్చే తాత రెండు వారాలుగా వింటున్నాడట. "అరవై ఒకటి... అరవై రెండు... అని గొణుగుతుంటాడమ్మా. ఉన్నట్టుండి ఆగిపోతాడు. అలా ఆగినప్పుడే నా పైప్రాణాలు పైనే పోతాయి."

ఆ గొణిగేది ఎవరో అందరికీ తెలిసినట్టే మాట్లాడేవారు. లెక్కలాయన. ఇరవయ్యేళ్లు ఆ గదిలోనే మైక్రోస్కోపు మీద వంగి, చేపపిల్లల గుండెదెబ్బలు లెక్కపెట్టి లెక్కపెట్టి, రెండు నెలల కిందట ఆ కుర్చీలోనే తల వాల్చేశాడు.

ఆ కుర్చీలోకి వచ్చింది కొత్తమ్మాయి.

చేపల గుండెలతో లెక్కేమిటంటారా... మనుషులకి ఇవ్వబోయే మందుని ముందు నీళ్లలో కలిపి, మూడు రోజుల చేపపిల్లల్ని అందులో వదులుతారు. మూడు రోజుల పిల్ల అంటే కనురెప్ప వెంట్రుక ముక్కంత. ఒళ్లంతా గాజు. ఆ గాజులోంచి గుండె కనిపిస్తుంది, ఎర్రగా, ఎవరికోసమో తొందరపడుతున్నట్టు. మొదటిసారి చూసినప్పుడు కొత్తమ్మాయికి కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే బావకి ఫోన్ చేసింది.

"గుండె కొట్టుకోవడం కళ్లారా చూశాను బావా."

"నా గుండె చూసి ఉంటే ఈపాటికి మన పెళ్లయ్యేది" అన్నాడు బావ.

ఆ బావే ఇప్పుడు ప్రాణం మీదకి తెచ్చుకున్నాడు. అచ్చాఫీసులో రాత్రిళ్లు పనిచేసి చేసి నిద్రకి దూరమైన మనిషి. కొత్తగా తయారైన నిద్రమాత్రని మొదట మింగి చూడటానికి పన్నెండుమంది కావాలంటే, వెళ్లి పేరిచ్చి వచ్చాడు. సోమవారం మొదటి మాత్ర. ఈ గదిలో చేపపిల్లల మీద చూస్తున్నదీ ఆ మాత్రే.

చేపగుండెకి ఉన్నవి రెండే గదులు. పైగది కొట్టిన ప్రతిసారీ కిందగదీ కొట్టాలి. మందునీళ్లలో పిల్లల్ని చూస్తే, పైగది రెండుసార్లు కొడితే కిందగది ఒక్కసారే కొడుతోంది. నిమిషానికి పైన నూట అరవై, కింద ఎనభై. చూపు మసకబారిన ఆ చివరి రోజుల్లో లెక్కలాయన పైగదినొక్కదాన్నే చూసి, నూట అరవై, అంతా సవ్యం అని రాసిపోయాడు.

శుక్రవారం పొద్దున కొత్తమ్మాయి ఆ సంగతి పెద్దమేడంకి చెప్పింది. ఆ అంతస్తుకంతటికీ ఆవిడే అధికారి.

"ఇరవయ్యేళ్ల కళ్లకి కనపడనిది నిన్నగాక మొన్న వచ్చినదానికి కనపడిందా?"

"ఒక్కసారి మీరూ చూడండి మేడం."

"పిల్లలున్న పళ్లెం బయటపెట్టి చల్లబరిచి ఉంటావు. చలికి చేపగుండె నెమ్మదిస్తుంది. అదైనా తెలుసా?"

"చలికైతే రెండు గదులూ నెమ్మదించాలి కదండీ."

మేడం చూపుతోనే చెంప ఛెళ్లుమనిపించింది. "రేపు సంతకం పెడుతున్నాను. ఈ ఎనభై ఊసు ఇంకోసారి ఎత్తావంటే సంచి సర్దుకో."

బావకి చెబితే అతనూ అంతే. "పేరిచ్చి వెనక్కి తగ్గితే నలుగురూ నవ్వుతారే. మీ మేడం సంతకంతో కాగితం తెచ్చి చూపించు, మానేస్తాను" అని ఫోన్ పెట్టేశాడు.

పళ్లెం చల్లారిందన్న మాట రాకుండా లెక్క తేల్చాలంటే ఒక్కటే దారి — వెచ్చగా ఉండే ఆ గదిలోనే, ఆ చీకట్లోనే కూర్చోవాలి. భోజనానికని వెళ్లిన మేడం ఎంతకీ తిరిగి రాలేదు. గడియారం రెండు కొట్టింది. చేపలకి సరిగ్గా అర్ధరాత్రి.

"వద్దమ్మా," తలుపు దగ్గర తాత గొంతు తగ్గించి అన్నాడు.

"తోడు రా తాతా."

"ఇక్కడినుంచే తోడుంటాలే, నువ్వు వెళ్లు."

లోపల తడి వాసన. నీళ్ల సన్నటి గలగల. వందల కళ్లు తనవైపే తిరిగినట్టు తోచింది. తడుముకుంటూ కుర్చీ చేరి, మైక్రోస్కోపు దీపం మాత్రం వెలిగించింది. బొట్టుబిళ్లంత వెలుగు. ఆ వెలుగులో గాజుపిల్ల, దాని గుండె...

ఒకటి... రెండు... మూడు...

"పదకొండు... పన్నెండు..."

ఆమె పెదవులు కదలడం లేదు. మనసులోనే లెక్కపెడుతోంది.

"పదమూడు..."

గొంతు వెనకనుంచి వస్తోంది. అరల అవతలినుంచి. కొత్తమ్మాయి లేచి పరిగెత్తుదామనుకుంది... పరిగెత్తితే ఈ నిమిషం వృథా. సోమవారం బావ అరచేతిలో మాత్ర కళ్లముందు కదిలింది. పళ్లు బిగించి, కన్ను తీయకుండా లెక్కపెట్టింది. డెబ్బై ఎనిమిది... డెబ్బై తొమ్మిది... ఎనభై. నిమిషం అయింది.

వెనక గొంతు ఆగిపోయింది.

తర్వాత —

"ఎంత... వచ్చింది?"

"ఎనభై." తన గొంతు తనకే వినపడలేదు.

"ఏ గది?"

"కిందగది."

చీకట్లో ఏదో నేలమీద జరిగింది. ఇంకాస్త దగ్గరికి జరిగింది. చల్లటి వేళ్లు వచ్చి ఆమె చీలమండని పట్టుకున్నాయి.

"అబద్ధం... చెప్పకు."

కొత్తమ్మాయి గోడమీదకి చేయి విసిరి పెద్ద లైటు వేసేసింది.

తొట్లలో చేపలన్నీ ఒక్కసారిగా చెదిరిపోయాయి. కాళ్ల దగ్గర, నేలమీద... పెద్దమేడం. చెప్పుల్లేవు, జుట్టుముడి ఊడిపోయింది. ఒడిలో సగం ఖాళీ అయిన మాత్రల అట్ట. అమ్మాయి కాలు వదిలేసి, రెండు వేళ్లు మళ్లీ తన మణికట్టు మీదే పెట్టుకుంది.

"మనుషులకిచ్చే ముందు నేనే మింగి చూద్దామనుకున్నాను," అంది. "రెండు వారాలైంది. నిద్ర హాయిగా పడుతోంది. కానీ నాడి... కొట్టుకుంటూ కొట్టుకుంటూ ఉండి, ఆగుతోంది. రోజూ ఇక్కడికొచ్చి చూసుకుంటున్నాను."

"అన్నీ తెలిసే పొద్దున నన్ను అంతేసి మాటలన్నారా?"

"నువ్వు చెప్పింది నిజమైతే నేనేమవుతానో ఆలోచించావా?"

కొత్తమ్మాయి కుర్చీ వెనక్కి లాగింది. మేడం మైక్రోస్కోపు మీదకి వంగి, ఒక నిమిషం చూసింది. ఇంకో నిమిషం చూసింది. లేచి, లెక్కలాయన రాసిన కాగితం మీద నూట అరవై కొట్టేసి ఎనభై రాసింది. 'మనుషులకి ఇవ్వకూడదు' అని కింద సంతకం పెట్టి, దాన్ని అమ్మాయి మీదకి విసిరినట్టే ఇచ్చింది.

"లైటు వేశావు. గుడ్లన్నీ పోయాయి. నీ ఉద్యోగం పోయింది."

"సరే. లేవండి, ఆసుపత్రికి వెళ్దాం."

"నీతోనా?"

"ఉద్యోగం ఎలాగూ పోయింది, ఇక మీకు భయపడేదేముంది? లేవండి."

తాత పరుగున వెళ్లి లిఫ్టు తలుపు పట్టుకున్నాడు. నడవాలో కిటికీల నిండా తెల్లటి ఎండ. మేడం తూలుతూ నడుస్తుంటే, కొత్తమ్మాయి ఆవిడ మణికట్టు పట్టుకుని, వేలికింద తగిలే దెబ్బల్ని లెక్కపెడుతూ నడిపించింది. ముప్పై నాలుగు... ముప్పై ఐదు... ముప్పై ఆరు...

నాడి ఆగింది. కొత్తమ్మాయీ ఆగింది.

మేడం కూడా ఆగి, ఆమె ముఖంలోకి చూసింది. "చెప్పవేం?" అంది మెల్లగా.

కొత్తమ్మాయి ముప్పై ఏడో దెబ్బ కోసం చూస్తోంది.