రాక్షసి నేర్పిన అంటు

రసాలపురం రాజ్యంలో ఒక వింత ఆచారం ఉండేది. కోటలో ఉన్న ఒకే ఒక్క తియ్యమామిడి చెట్టు పండు తిన్న తరువాతనే యువరాజు సింహాసనం ఎక్కాలి. ఆ రోజుల్లో జనానికి విత్తనం నాటడం, నీళ్లు పోయడం తప్ప చెట్ల గురించి ఇంకేమీ తెలియదు. ఆ పండు టెంకను ఎన్నిసార్లు పాతినా, మొలిచిన చెట్లు పుల్లటి కాయలే కాసేవి. అందుచేత లోకంలో అలాంటి చెట్టు అదొక్కటే.

ముసలిరాజు కన్నుమూసిన ఏడాదే ఆ చెట్టు ఎండడం మొదలుపెట్టింది. యువరాజు నీలధ్వజుడికి ఇంకా పట్టాభిషేకం కాలేదు. రాజ్యభారమంతా మంత్రి ధర్మగుప్తుడి చేతిలో ఉంది. "ఆ చెట్టు దగ్గరికి రోజూ వెళ్లేది భూమన్న ఒక్కడే. వాడే ఏదో చేశాడు," అని మంత్రి తేల్చి, తోటమాలి భూమన్నను చెరలో వేయించాడు. చెట్టు పూర్తిగా ఎండిన రోజున అతని తల తీయాలని ఆజ్ఞ వెలువడింది. అప్పటినుంచి ఒకరి మీద ఒకరికి నమ్మకం పోయి, ఊళ్లో ఎవరింట్లో నీళ్లు తాగాలన్నా జనం ఒకసారి ఆలోచించేవారు.

భూమన్న కూతురు కేతకి చెరసాలకు వెళ్లింది. ఆమె మనసులోనూ ఒక ముల్లు గుచ్చుకుంటూనే ఉంది.

"నాన్నా, నిజం చెప్పు. నీ చేతి పొరపాటేమైనా ఉందా?"

"నువ్వు కూడా అడిగావా తల్లీ," అన్నాడు భూమన్న. "నా పొరపాటేం లేదు. వేళ్ల దగ్గర మట్టి ఘాటుగా, చేదు వాసన వేస్తోంది. ఎవరో ఏదో పోశారు. కారడవిలో శాఖిని అనే రాక్షసికి తోట ఉందనీ, అక్కడ ఏ చెట్టు జాతీ అంతరించదనీ మా తాత చెప్పేవాడు. కానీ నిన్ను అక్కడికి పొమ్మని నా నోటితో చెప్పలేను."

కేతకి కొమ్మలు కత్తిరించే చిన్న కత్తిని నడుముకు దోపుకుని, ఆ రోజే బయలుదేరింది.

అడవి మొదట్లో ఒక ముని కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. "రా కేతకీ, నీ కోసమే చూస్తున్నాను," అంటూ ఒక సొరకాయ బుర్రను చేతికిచ్చాడు. "ఇది మంత్రజలం. వేళ్లకు పోస్తే నీ చెట్టు చిగురిస్తుంది."

చెప్పకుండానే తన పేరు తెలిసినందుకు కేతకికి మొదట భక్తి కలిగింది. తరువాత భయం వేసింది. ముని చుట్టూ గడ్డిపరక కూడా మొలవలేదు. ఆమె కాస్త దూరం జరిగి, బుర్ర మూత తీసి, పచ్చగా ఉన్న ఒక గడ్డిదుబ్బు మీద కొంచెం ఒంపింది. ఘాటైన చేదు వాసన గుప్పుమంది. గడ్డి నల్లబడి ముడుచుకుపోయింది.

"స్వామీ, ఇది నాకంటే ముందు ఎవరికిచ్చారు?" అని అడిగింది.

ముని ముఖంలో నవ్వు మాయమైంది. మరుక్షణం అక్కడ ముని లేడు. ఒక నక్క పొదల్లోకి దూరి పారిపోయింది. కేతకి బుర్రకు మూత బిగించి దగ్గరే ఉంచుకుంది.

కారడవి నడుమ శాఖిని తోట కనిపించింది. ఒకే మొదలు మీద ఒక కొమ్మకు పసుపు పండ్లు, ఇంకో కొమ్మకు ఎర్ర పండ్లు ఉన్నాయి. వాటిని చూస్తూ నిలబడిన కేతకిని ఒక పెద్ద చెయ్యి పైకెత్తింది.

"నడుముకు కత్తి ఉంది. నరకడానికే వచ్చావు," అంది రాక్షసి.

"కాదవ్వా, నేర్చుకోవడానికి వచ్చాను."

"మనుషులు మొదట అలాగే అంటారు. అదిగో, ఆ నేరేడు నీరసించిపోతోంది. దాని జబ్బు కుదుర్చు. చెట్టుకు కీడు చేశావంటే నమిలేస్తాను."

కేతకి చెట్టు చుట్టూ తిరిగింది. దాని మొదట్లో రంపపు పొట్టులాంటి పొడి రాలి ఉంది. పైన బెరడులో చిన్న కన్నం దొరికింది. సన్నని వెదురుపుల్లతో లోపలి పురుగును బయటికి లాగి, కన్నాన్ని పేడ కలిపిన బంకమట్టితో మూసింది. చెట్టు చిగురించేదాకా రాక్షసి ఆమెను కదలనివ్వలేదు. అన్నాళ్లూ కేతకి రాక్షసి కోరలను, రాక్షసి కేతకి కత్తిని చూస్తూ గడిపారు.

నేరేడు చిగురించిన రోజున శాఖిని ఒక అడవి మొక్క తల కోసి, మంచి చెట్టు నుంచి తెచ్చిన రెమ్మను దానికి ఆనించి, నారతో బిగించి కట్టింది.

"తల ఒక చెట్టుది, కాళ్లు ఇంకో చెట్టువి. ఇది మాయ కాదా?" అని కేతకి వెనక్కి జరిగింది.

"మాయైతే నీకెందుకు చూపిస్తాను? బెరడుకు బెరడు కలవాలి, సందులో గాలి దూరకూడదు. దీన్ని అంటు కట్టడమంటారు."

"ఇన్నాళ్లూ మనుషులకు ఎందుకు నేర్పలేదు?"

"వచ్చినవాళ్లంతా గొడ్డళ్లతో వచ్చారు," అంది శాఖిని.

కేతకి తిరిగి వచ్చేసరికి మామిడికి ఒక్క కొమ్మే పచ్చగా మిగిలింది. ఆ కొమ్మ కోయడానికి యువరాజును అనుమతి అడిగింది.

"తండ్రి మొదలుపెట్టిన పనిని కూతురు ముగిస్తోంది ప్రభూ," అన్నాడు మంత్రి.

నీలధ్వజుడు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. ఎవరిని నమ్మాలో అతనికి తెలియలేదు. అప్పుడు కేతకి మూత తీయకుండానే సొరకాయ బుర్రను ముందు పెట్టింది.

"కొమ్మ కోయవద్దంటే ఈ మందు పోస్తాను. అడవి మొదట్లో ఒక ముని ఇచ్చాడు."

"వద్దు, మూత తీయకు. ఆ చేదు వాసనకే తల తిరుగు..." అంటూ మంత్రి ఠక్కున ఆగిపోయాడు.

"చేదు వాసనని మీకెలా తెలుసు?" అన్నాడు యువరాజు మెల్లగా. మంత్రి గుమ్మం వైపు ఒక అడుగు వేశాడు. "ఆగండి. సంగతి తేలేదాకా భూమన్న శిక్ష అమలు కాదు, మీరు కోట దాటవద్దు. కేతకీ, నువ్వూ దాటవద్దు. కొమ్మ కోసుకో."

కేతకి పుల్లమామిడి మొక్కలకు ఆ రెమ్మలను అంటు కట్టింది. పెద్దచెట్టు ఎండిపోయింది. అంటు రెమ్మలు కూడా ఒక్కొక్కటే నల్లబడుతుంటే భటులు ఆమె వంక అదోలా చూడసాగారు. ఒక ఉదయం నారకట్టు పైన రాగిరంగు చిగురు తొంగిచూసింది. ఆ పక్క మొక్కకు ఇంకొకటి వచ్చింది. సంగతి విన్న ధర్మగుప్తుడు తన ఎత్తు పారలేదని తెలిసి, యువరాజుకు పట్టాభిషేకం కాకూడదనే చెట్టుకు ఆ మాయముని ఇచ్చిన విషం పోశానని ఒప్పుకుని చెరసాలకు వెళ్లాడు. భూమన్న బయటికి వచ్చాడు. కేతకి అతని కాళ్ల మీద పడి, "నిన్ను అడగకూడని మాట అడిగాను," అంది. "అడగబట్టే నిజం వెతికావు. లే తల్లీ," అన్నాడతను.

కొన్నేళ్లకు అంటుమామిళ్లు కాశాయి. నీలధ్వజుడు పండు తిని కిరీటం ధరించాడు. తరువాత కేతకి దగ్గరకు వచ్చి, "నన్ను పెళ్లాడతావా? లేక ఒకప్పుడు నిన్ను శంకించిన నా మీద ఇంకా అనుమానమేనా?" అని అడిగాడు.

"కొంచెం ఉంది," అంది కేతకి. "ఈ అంటుమొక్కలు కోటలోనే దాచుకోకుండా అందరికీ ఇస్తే పోతుంది."

పెళ్లినాడు ఊరేగింపు కంటే ముందు మామిడి అంటుల బండ్లు ఊరూరికీ కదిలాయి. ఒక బండి కారడవి వైపు వెళ్లింది. అది తిరిగి వచ్చినప్పుడు దాని నిండా రసాలపురంలో ఎవరూ పేరెరుగని పండ్లచెట్ల రెమ్మలు, తడి గుడ్డల్లో జాగ్రత్తగా చుట్టి ఉన్నాయి.