నిండు గ్లాసు నీళ్లు

మొదటి రోజే ఇద్దరికీ మంచినీళ్ల దగ్గర చెడింది. డబ్బింగ్ చెప్పడానికొచ్చిన అమ్మాయి చేతిలోని బాటిల్‌ని సౌండ్ ఇంజనీర్ లాక్కుని గుమ్మం బయట పెట్టేశాడు.

"మెషీన్ల గదిలోకి నీళ్లు రాకూడదండీ. సైలెన్స్!"

ఆ రోజు నుంచి ఆమెకి అతను 'సైలెన్స్ గారు' అయిపోయాడు. ఏడాది తిరిగేసరికి, ఆదివారం వచ్చి అబ్బాయిని చూస్తానని ఆమె నాన్న కబురు పెట్టేదాకా వచ్చింది వ్యవహారం.

శుక్రవారం అతను ఫోన్ చేసి, "మీ నాన్నగారిని రావద్దను. నన్ను మర్చిపో," అని పెట్టేశాడు.

అయిదు రోజులుగా అతనికి ముద్ద దిగడం లేదు. మింగితే గుండెల వెనక ఒకటే మంట. అతని నాన్నకీ ఇలాగే మొదలైంది. ముందు ముద్ద దిగలేదు, తర్వాత జావ, చివరికి నీళ్లు. ఎనిమిది నెలలకే మనిషి దక్కకుండా పోయాడు. అన్నాళ్లూ అమ్మ జావ గిన్నె పట్టుకుని మంచం పక్కనే కూర్చుంది. తన వంతు కూడా వచ్చేసిందని అతనికి ఖాయమైపోయింది. ఏడుపు కూడా రావడం లేదు.

ఫోన్ పెట్టేసిన అరగంటలో ఆమె స్టూడియోలో ఊడిపడింది. విషయమంతా అతని చేత చెప్పించుకుంది.

"డాక్టర్ చెప్పారా?"

"చెప్పక్కర్లేదు. నేను చూసిన జబ్బే. మా అమ్మలా నువ్వు గిన్నె పట్టుకుని కూర్చోకూడదు."

"నా సంగతి కూడా నువ్వే తేల్చేశావా? రేపు పొద్దున్న ఏమీ తినకుండా ఉండు. ఆస్పత్రికి వెళ్తున్నాం."

గొంతు మొద్దుబారే మందు కొట్టి, కెమెరా గొట్టం లోపలికి దించి చూశాక, డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"ఏమన్నా మాత్రలు వాడుతున్నారా?"

అతను తల దించుకున్నాడు. "మొటిమలకి..."

"ఎలా వేసుకుంటారు?"

"రికార్డింగ్ మధ్యలో. నీళ్లు లోపలికి రానివ్వం కదా, ఉత్తినే మింగేసి సోఫా మీద నడుం వాలుస్తాను."

"అదీ సంగతి. మాత్ర అన్నవాహికలో ఇరుక్కుని అక్కడే కరిగింది. పుండు పడి వాచింది. మీరు భయపడ్డ జబ్బేమీ కనిపించలేదు. ఆ మాత్ర ఆపేయండి. యాసిడ్ తగ్గించే మందు రాస్తున్నాను, పొద్దున్న తిండికి అరగంట ముందు వేసుకోండి. తగ్గేదాకా మెత్తగా, చల్లగా తినండి. కారం, పులుపు వద్దు. ఇకమీదట ఏ మాత్రైనా నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు. రెండు మూడు వారాల్లో తగ్గకపోతే మళ్లీ రండి."

వరండాలోకి రాగానే అతను బెంచీ మీద కూలబడి భోరుమన్నాడు.

"మొటిమలకా?" అంది ఆమె.

"మీ నాన్నగారు చూస్తారని..."

ఆమెకి నవ్వు రాలేదు. "నిన్నటి నుంచి నేను బతికి లేను, తెలుసా?" అంది.

గొంతు మొద్దు వదిలేదాకా అతన్ని ఏమీ తాగనివ్వలేదు. అప్పుడామె నిండు గ్లాసు తెచ్చి అందించింది. మొదటి గుక్కకే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మండుతోందా?"

"ఊఁ. ఆదివారం మీ నాన్నగారిని..."

"సైలెన్స్!" అంది ఆమె, అతని పక్కనే కూర్చుంటూ. "రావద్దని నేను చెప్పలేదు. ముందు ఆ గ్లాసు పూర్తిచెయ్యి."