మంగళవారం 8:11

హెర్మన్ డైక్‌హౌస్ వంటింటి కుర్చీలోనే చనిపోయి ఉన్నాడు. ఎనభై మూడేళ్లు. మంగళవారం. పోలీసులకు ఫోన్ వచ్చింది 9:34కి.

చేసింది వెర్నా. హెర్మన్ రెండో భార్య కూతురు. తల్లి పోయాక కూడా సవతి తండ్రిని వదలకుండా పదకొండేళ్లు సేవ చేసిన మనిషి.

ఒంటి మీద గాయం లేదు. సహజ మరణమే అనుకున్నారంతా.

గురువారం హెర్మన్ అన్న కొడుకు క్లిఫర్డ్ షెరిఫ్ ఆఫీసుకు వచ్చి ఒక కాగితం బల్ల మీద పడేశాడు. క్విట్‌క్లెయిమ్ డీడ్. ఇంటి మీద తన హక్కంతా వదులుకుని వెర్నాకు ఇచ్చేస్తున్నట్టు హెర్మన్ సంతకం. రిజిస్ట్రార్ ముద్ర మాత్రం చనిపోయిన రోజుది. ఉదయం 8:11.

“బాబాయి పోయిన పూటే ఇల్లు ఆవిడ పేరు మీదికి మారిందట. నా చెవిలో పువ్వు కనిపిస్తోందా మీకు?”

డిటెక్టివ్ నోరీన్ ప్రాట్‌కు ఆ కోపం సబబుగానే తోచింది. నోటరీని కలిసింది. ఫోర్జరీ కాదు. పోయిన ఈస్టర్‌కే హెర్మన్ తెలివిలో ఉండి సంతకం పెట్టి, నోటరీ ఎదుటే కాగితం వెర్నా చేతికిచ్చాడు.

మరి తొమ్మిది నెలలు ఊరుకుని, ఆ రోజే ఎందుకు పరుగెత్తింది?

వెర్నా వాంగ్మూలం చిన్నది. 7:10కి బయల్దేరేటప్పుడు ఆయన బాగానే ఉన్నాడు. మంచు రోడ్డు మీద రిజిస్ట్రార్ ఆఫీసుకు గంట ప్రయాణం. తిరిగొచ్చేసరికి పోయి ఉన్నాడు.

సోమవారం నోరీన్ వెర్నా, క్లిఫర్డ్ ఇద్దరినీ అదే వంటింట్లో కూర్చోబెట్టింది. కిటికీ గట్టు మీదున్న, రోజుకో గడి ఉండే మాత్రల పెట్టె తీసింది.

“పొద్దున మాత్రలు ఎన్నింటికిస్తారు, వెర్నా?”

“ఏడింటికి.”

“ఎప్పుడైనా తప్పారా?”

“ఒక్కరోజు కూడా లేదు.”

నోరీన్ మంగళవారం గడి తెరిచింది. నాలుగు మాత్రలూ అలాగే ఉన్నాయి. అందరూ చూసి వదిలేసిన పెట్టె అది.

వెర్నా ఇక దాచలేదు. మెల్లగా అంతా చెప్పేసింది. ఏడింటికి మాత్రలివ్వడానికి వంటింట్లోకి వచ్చేసరికి ఆయన తల వాల్చేసి ఉన్నాడు. పిలిచింది, కుదిపింది. పలకలేదు. అంతా అయిపోయిందనుకుంది. తల్లి పోయినప్పుడు ఆమె రాసిన పవర్ ఆఫ్ అటార్నీని బ్యాంకువాళ్లు ఆ రోజే చెల్లదన్నారు. రాసిన మనిషి పోతే కాగితమూ పోయినట్టేనన్నారు. ఈ డీడ్ కూడా అంతేననుకుంది. విషయం బయటికి పొక్కేలోపు ముద్ర వేయించకపోతే తన నెత్తిన నీడ ఉండదని భయపడింది.

నోరీన్‌కు మిగతాది చెప్పాలనిపించలేదు. కానీ చెప్పక తప్పదు.

“అది వేరు, ఇది వేరు, వెర్నా. ఆయన మీ చేతికిచ్చిన రోజే ఇల్లు మీదైపోయింది. నెల తర్వాత ముద్ర వేయించుకున్నా చెల్లేది. ఇంకోటి... ఆయన పేస్‌మేకర్ రికార్డు వచ్చింది. గుండె ఆగింది 9:12కి.”

వెర్నా మంగళవారం గడి మూత మూసింది.

“అంటే నేను వెళ్లేటప్పుడు నాన్న బతికే ఉన్నాడు.”

“అవును.”

“అంబులెన్స్‌ని పిలిచుంటే?”

సమయానికి ఆస్పత్రికి చేరిస్తే బతికే అవకాశం ఎక్కువని డాక్టర్ల రిపోర్టులో ఉంది. పొద్దునే నోరీన్ దాన్ని క్లిఫర్డ్‌కు చదివి వినిపించింది కూడా.

ముందుగా నోరు తెరిచింది అతనే.

“లాభం లేదులే వెర్నా. మా ఇంట్లో మగాళ్లంతా ఇలాగే పోయారు. ఏ డాక్టరూ ఏమీ చేయలేకపోయాడు.”

నోరీన్ అతన్ని సరిదిద్దలేదు. గురువారం నుంచీ వెర్నాను దొంగ అని తిట్టిన మనిషే ఇప్పుడు ఆమె కోసం అబద్ధమాడుతున్నాడు.

వెర్నా తల అడ్డంగా ఊపింది.

“ఇల్లు ఎక్కడికీ పోయేది కాదు, క్లిఫర్డ్. ఆ రెండు గంటలూ నేను ఆయన పక్కన కూర్చోవాల్సింది.”