వెంకీ మింగని వైన్

"బావా, ఈ పుల్లనీళ్ళ కోసం యూరప్ దాకా ఎల్లాలేటి? మన చింతకాయలకేటొచ్చినాది?"

మేనమామ కూతురు దేవి ఒక గుక్క తాగి మొహం ముడిచింది. వెంకీకి ఒళ్ళు మండింది. విశాఖ హోటల్ బార్‌లో పనిచేసే అతను, పేరుకే గొప్పవైన సీసాలన్నీ పక్కన పెట్టి, రోజూ తాగినా జేబుకు చిల్లు పడకూడదని ఏరి తెచ్చిన పోర్చుగల్ తెల్ల వైన్ అది.

"పుల్లన కాదే, ఫ్రెష్! సేపల పులుసుతో తాగి సూడు."

"పులుసులో పులుపు సాల్లేదేటి?"

వెంకీ ట్రైనింగులో దీనికి జవాబు నేర్పలేదు. పైగా ఆ పిల్ల నవ్వితే అతనికి నేర్చుకున్నది కూడా గుర్తుండదు.

ఆదివారం భోగాపురం దగ్గర దేవి వాళ్ళ పల్లెలో ఇద్దరి పెళ్ళిమాటలు. మాట కుదిరాక పెద్దలు తాగాలి, ఆ తర్వాత పెళ్ళికొడుకు ఒక గుక్క మింగాలి. మింగితేనే ఒప్పుకున్నట్టు. వెంకీ సారా వద్దని స్పెయిన్ నురగ వైన్ తెచ్చాడు.

"షాంపేన్‌లాగే పొంగుతాది మావా, దర ఇంటే మాత్రం గుండె ఆగదు."

దేవి తండ్రి గంగులు గ్లాసు ఖాళీ చేశాడు. "సోడాలాగున్నాది. బాగానే ఉన్నాది."

ఇక వెంకీ వంతు. గ్లాసును వెలుగుకు ఎత్తి చూశాడు. తిప్పాడు. వాసన పీల్చాడు. పెద్దలు ఓపిగ్గా చూస్తున్నారు. ఒక గుక్క పుక్కిలించి, హోటల్లో నేర్పినట్టే నాజూగ్గా చెంబులో ఉమ్మేశాడు.

పందిట్లో పెద్దలు చెంబులోకి తొంగి చూశారు.

"మాట ఉమ్మేసినాడు!" అని అరిచింది దేవి నాయనమ్మ అసిరమ్మ.

గంగులు లేచి తువ్వాలు దులిపాడు. "నా కూతురొద్దంటే నోటితో సెప్పాలొరే!"

"అది టేస్టింగ్ మావా! ప్రొఫెషనల్స్ అందరూ ఉమ్ముతారు!"

"పెళ్ళిమాటల్లోనా?"

మీసం మొలవకముందు నుంచీ వెంకీ ఆశపడ్డ పిల్ల, అతని తెలివి వల్లే చేజారిపోతోంది.

ఆడవాళ్ళను తోసుకుని దేవి వచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు, వాటిని మించిన కోపం. స్టీలు గ్లాసు నిండా పోసి అతని ముందు పెట్టింది.

"మింగుతావా, నన్నొగ్గేస్తావా?"

వెంకీ చూడలేదు, తిప్పలేదు, వాసన పీల్చలేదు. ఎత్తిన గ్లాసు దించకుండా తాగేశాడు. నురగ ముక్కులోకి ఎక్కి ఒకటే దగ్గు.

"ఎలాగున్నాది?" అంది దేవి.

"తెల్దే. నువ్వు లేకపోతే నాను బతకనేనే, దేవీ."

అందరూ విన్నారు. అడిగిన పిల్ల సిగ్గుతో తల దించుకుంది.

అసిరమ్మ వెంకీ గొంతుకేసే చూస్తూ, "దిగినాది. కూకోరా గంగులూ," అంది.

గంగులు కూర్చుని, ఖాళీ గ్లాసు ముందుకు తోశాడు.

"పొయ్యరా, అల్లుడా."