పసుపు దారం జడ

శంషాబాద్ దాటి కొత్తూరు పోయే బాట పక్కన బొమ్మల బంగ్లా ఉండేది. చీకటి పడితే లోపల పసిపిల్లలు ఏడుస్తారని అటు ఎవరూ పోయేవాళ్లు కాదు.

ఆ బంగ్లా దొరకు బొమ్మల పిచ్చి. ఫ్రాన్సు నుంచి తెప్పించిన పింగాణీ బొమ్మలు, అక్కడి పిల్లల ముఖాలు చూసి చేసినవట. గాజు కళ్లు, చిన్న చిన్న పళ్లు, బంగారు రంగు జుట్టు. నాకైతే వింటేనే ఒళ్లు జలదరిస్తుంది. ఎలుకలు ఆ జుట్టు కొరికేశాయని, అప్పట్లో జరుగుతున్న ప్రపంచ యుద్ధం వల్ల కొత్తది తెప్పించే దారి లేదని దొర తిండి మానేశాడట. ఊళ్లో పిల్లలు జ్వరంతో పోతుంటే ఆయన బాధ అది!

ఆ జ్వరానికే మా మేనమామ కుర్మయ్య కూతురు పోయింది. ఐదేళ్లది. కొమురవెల్లి మల్లన్నకు మొక్కి, పుట్టు వెంట్రుకలు తీయకుండా పెంచారు. పసుపు దారం కట్టిన ఆ జడతోనే పాతిపెట్టారు.

"మల్లన్న సొత్తు మట్టిల వెట్టినం గదయ్యా..." అని కొండమ్మత్త రోజూ ఏడ్చేది.

నెల తిరగకముందే, ఓ రాత్రి మామ ఆ బాటన వస్తున్నాడు. బంగ్లాలోంచి ఏడుపు... సన్నగా, ఆగి ఆగి. వేరే రోజైతే పరుగెత్తేవాడే. కానీ బిడ్డను పోగొట్టుకున్న తండ్రి — కాళ్లు అటే నడిచాయి.

తలుపు తోశాడు. కుళ్లు కంపు. కాలి కింద ఏదో మెత్తగా నలిగింది... చచ్చిన ఎలుక.

"ఎవలది?" లాంతరు పట్టుకుని కాపలా మొగులయ్య వచ్చాడు. "నువ్వా అన్నా... దెయ్యం లేదు, ఏం లేదు. తాడు గుంజితే ఏడ్సే బొమ్మలు. ఎలుకలు గుంజుతున్నయ్. ఇగ పో."

మామ నవ్వబోయాడు. ఎదుటి బొమ్మ గుడ్డ కడుపు చీలి ఉంది. లోపల వెంట్రుక మొలవని ఎలుక పిల్లలు మెదులుతున్నాయి. ముఖం తిప్పుకోబోయి... ఆగిపోయాడు.

బొమ్మ నెత్తిన జడ. జడకు పసుపు దారం. దారం నిండా మట్టి.

"మొగులయ్యా..." దారం మీది మట్టిని వేలితో తుడిచాడు. "నా బిడ్డది గదరా గిది."

"దొర తెమ్మన్నడన్నా..." మొగులయ్య లాంతరుతో వెనక్కి జరిగాడు.

మామ జడ పట్టి లాగాడు. జిగురుతో సహా ఊడివచ్చింది. "మల్లన్నది... మల్లన్నకే" అంటూ కండువాలో చుట్టుకున్నాడు. అక్కడే వాంతి చేసుకున్నాడు. థూ, ఆ దొరదీ ఒక పుట్టుకేనా!

మూతి తుడుచుకుని తలెత్తేసరికి లాంతరు వెలుగు బీరువా మీద పడింది. అద్దాల వెనక ఇరవై బొమ్మలు, తెల్లటి ముఖాలతో నవ్వుతూ...

ఒక్కదానికీ బంగారు రంగు జుట్టు లేదు. అన్నిటికీ నల్లజడలే.