తుమ్మజిగురు కలిపిన సున్నం

"మీకు కళ్లున్నాయా అండీ?" అంది ముక్కూ మొహం తెలియని ఓ పిల్ల. మా తోటలో, మా కూలీల ముందు!

1961 వేసవి. ముసునూరు దారిలో మా మామిడితోట మధ్య ఓ సాయిబుగారి పాత గోరీ ఉంది. చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే మా అమ్మ సుబ్బరత్నమ్మ అక్కడే మొక్కుకుంది, నేను బతికితే ఏటా తొలికోతకు ముందు దానికి సున్నం వేయిస్తానని. బతికాను. ఆరేళ్లుగా ఆ సున్నం నేనే వేస్తున్నాను, రాలకుండా తుమ్మజిగురు కలిపి మరీ. అలాంటివాణ్ణి పట్టుకుని ఇంత మాటా?

ఆ పిల్ల పేరు విజయరాణి. బెజవాడలో బి.ఏ. హిస్టరీ చదువుతూ, సెలవులకు మేనత్త ఇంటికి వచ్చిందట. నా చేతిలోంచి కుంచె లాక్కుంది.

"సున్నం వేస్తే తప్పేంటండీ?" అన్నాను కోపం దిగమింగి.

గోరీ గది గుమ్మం పైనున్న ఆర్చిని తడిగుడ్డతో నానబెట్టి, వెదురుపుల్లతో గీకడం మొదలుపెట్టింది. చెంపకు సున్నం అంటింది. చెబుదామనుకుని మానేశాను, బావుంది.

గంటకి పొరలు ఊడి, అరచేయంత నక్షత్రం బయటపడింది. ఎనిమిది కోణాలు. దాని గీత పక్క నక్షత్రంలోకి పోతోంది.

"కుతుబ్‌షాహీల నాటి గచ్చుపని. మనిషి బొమ్మ లేకుండా, మేకూ తాడూ పెట్టి గీసిన గీతలతోనే దేవుణ్ణి తలుచుకున్నారు. మీరు పూడ్చిపెట్టారు."

ఒళ్లు మండిపోయింది. ఈసారి నా మీద నాకే.

అప్పుడే అమ్మ వచ్చింది. తెల్లారితే కోత, గోడ ఇంకా అలాగే ఉందేమిటని కంగారు పడింది.

"ఈ ఏడు సున్నం వెయ్యనమ్మా. గీకుతాను."

"నీ ప్రాణానికి మొక్కిన మొక్కురా అది" అంది.

చెయ్యి పట్టుకుని నక్షత్రం దగ్గరికి తీసుకెళ్లాను. అమ్మ ఆ గీతల వెంట వేలు పోనిచ్చింది.

"ఆయన గుమ్మంలో ముగ్గు మీద ఇన్నేళ్లూ మనమే సున్నం కొట్టామంట్రా?" అంది చివరికి. "అంతా బయటపడేదాకా గీకు. ఇకనుంచి అదే మొక్కు."

"మొత్తం గీకడానికి ఎన్నాళ్లు పడుతుందండీ?" అడిగింది విజయరాణి.

ఆ పిల్ల వెళ్లిపోతే నాకు బావుండదని అప్పటికే తెలిసిపోయింది.

"జిగురు కలిపాను కదండీ, ఏళ్లు పడుతుంది. మీరు ఉంటే బావుంటుంది."

"మీకు బొత్తిగా బుద్ధి లేదండీ" అంటూనే వెదురుపుల్లను రెండుగా విరిచి, సగం నా చేతిలో పెట్టింది.

అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, మీ మేనత్త ఇంట్లో ఎప్పుడుంటుందమ్మా అని అడిగింది.